కథ రాయాలంటే ముందు కాటా దగ్గర నిలబడండి

కథ రాద్దామని కూర్చుంటారు. మొదటి వాక్యంలో సూర్యుడు పడమటి కొండల్లోకి దిగిపోతుంటాడు. రెండో వాక్యంలో పక్షులు గూళ్లకు చేరుతుంటాయి. మూడో వాక్యానికి కరెంటు పోతుంది, లేదంటే ఇంట్లో ఎవరో పిలుస్తారు. ఆ కాగితం అక్కడితో సరి. అలాంటి కాగితాలు నా దగ్గర ఒక బియ్యం సంచి నిండా ఉండేవి. మాది నెల్లూరు దగ్గర కోవూరు పక్క పల్లె. మా ఊళ్లో నిలబడి ఎంత దూరం చూసినా వరి కయ్యలే గాని కొండ కనపడదు. లేని కొండల్లోకి పదేళ్లు సూర్యుణ్ని దించానని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఆ సంచి ఖాళీ చేశాక నేర్చుకున్నది ఇప్పుడు చెప్తున్నా. ఒక చిన్న కథను ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా ముగించాలి, ఎవరికి పంపాలి, డబ్బు దగ్గర ఏం చూసుకోవాలి అన్నంత వరకే. నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడుతున్నట్టు రాస్తున్నా.

మొదటి పని: ఒక లెక్క పట్టుకోండి

కథావస్తువు కోసం వెతకొద్దు. ప్రేమ, పేదరికం, మానవ సంబంధాలు అని మొదలుపెడితే చేతికేమీ దొరకదు. మన వైపు మనుషులు మనసులో మాట నేరుగా అనరు. తూకం దగ్గరో, కొలత దగ్గరో, వడ్డీ దగ్గరో అంటారు. అన్నదమ్ములు ఇరవై ఏళ్లు ఒక కంచంలో తిని, ఇంటి స్థలంలో నాలుగు అంకణాలు ఎవరి వైపు పోవాలన్న రోజున మొహాలు తిప్పుకుంటారు. మీ కథ ఆ నాలుగు అంకణాల్లో ఉంది.

నెల్లూరు వైపు వడ్లు పుట్టి లెక్కన అమ్ముతారు. పుట్టి అంటే 850 కిలోలు. ఈ అంకె మనకు చిన్నప్పటినుంచీ తెలిసిందే కాబట్టి అందులో కథ ఉందని తోచదు. కానీ కొనేవాడు వచ్చి "తేమ జాస్తిగా ఉంది, పుట్టికి ఇంకో ముప్పై కిలోలు వెయ్యి" అన్నాడనుకోండి. ఆ ముప్పై కిలోల దగ్గర ఒక రైతు ఎంతసేపు మౌనంగా ఉన్నాడో రాస్తే చాలు, అతని అప్పుల గురించి వేరే పేరా అక్కర్లేదు. ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. ఆ 17కీ మిషన్ చూపించిన 19కీ మధ్య ఒక ఇంటి పెళ్లి ఆగిపోవచ్చు.

రొయ్యల గుంటల దగ్గరైతే కౌంట్. 100 కౌంట్ అంటే కిలోకు వంద రొయ్యలు, 50 కౌంట్ అంటే కిలోకు యాభై. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. పక్క గుంటలో వైట్‌స్పాట్ తెగులు వచ్చిందని సాయంత్రం కబురొచ్చింది. ఇప్పుడే పట్టేస్తే చిన్న రొయ్య, పెట్టుబడి కూడా రాదు. ఆగితే మంచి రేటు, లేదా తెల్లారేసరికి గుంట మొత్తం పోవడం. ఆ రాత్రి నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్ల చప్పుడులో గట్టు మీద మొగుడూ పెళ్లాం ఏం మాట్లాడుకున్నారో మీరు రాయగలిగితే, "ఆక్వా సంక్షోభం" అనే మాట కథలో ఎక్కడా రానక్కర్లేదు.

కొండపి, టంగుటూరు, పొదిలి వైపు వాళ్లకు పొగాకు ఉంది. వేలం కేంద్రానికి తోలిన బేలు కొనేవాడు లేక నోబిడ్ అయి ఇంటికి తిరిగి రావడం చూసిన పిల్లవాడు మీ ఊళ్లో ఉంటాడు. బహుశా ఆ పిల్లవాడు మీరే.

చేయవలసింది ఇది. ఒక నోటుపుస్తకంలో మీకు బాగా తెలిసిన మూడు లెక్కలు రాయండి. ఒక్కో లెక్క కింద మూడు ప్రశ్నలకు జవాబు రాయండి: కొలిచేది ఎవరు? ఎవరిది కొలుస్తున్నారు? పక్కన నిలబడి చూస్తున్నది ఎవరు? మూడో జవాబు రాని లెక్కను వదిలేయండి. కథ చెప్పవలసింది చాలాసార్లు ఆ మూడో మనిషే.

రెండో పని: కాటా వేసేవాణ్ని మన ఇంటివాణ్ని చేయండి

దళారి మోసగాడు, రైతు అమాయకుడు అని రాస్తే పాఠకుడికి మొదటి పేజీలోనే చివరి పేజీ కనపడుతుంది. దాన్ని చెడగొట్టాలి. నేను వాడే ఉపాయం ఒకటే. కొలిచేవాడికీ, ఎవరిది కొలుస్తున్నారో వాళ్లకీ చుట్టరికం కలుపుతా.

మాలకొండయ్య అని ఒక కౌలు రైతును ఊహించుకుందాం. ఎడగారు (రెండో) పంట, కోత మిషన్ కోసిపోయింది, వడ్లు టార్పాలిన్ పట్టల మీద ఉన్నాయి. కొడుకు శీనయ్య ఇంటర్ తప్పి, దళారి దగ్గర కాటా వేసే పనికి కుదిరాడు. ఈరోజు దళారి వాళ్ల కళ్లానికే పంపాడు. ఇంతే సరుకు. ఇప్పుడు రాయండి.

"నాయనా, పుట్టికి ఇంకో ముప్పై వెయ్యాలంట."

"ఎవురన్నార్రా?"

"ఆయనే."

"ఆయన యాడుండాడు? కాటా కాడుండేది నువ్వే గదరా."

ఈ నాలుగు ముక్కలకు ముందు శీనయ్య చదువు గురించి, మాలకొండయ్య యవ్వనం గురించి నేను రెండు పేజీలు రాసి ఉన్నా. తర్వాత కొట్టేశా. అవి నాకు తెలిసుండాలి గాని పాఠకుడికి చదివి వినిపించనక్కర్లేదు. కథను కళ్లంలోకి కాటా దిగినప్పటినుంచి మొదలుపెట్టండి. దుక్కి దున్నిన రోజునుంచి వద్దు. తిక్కన గారు పెన్న ఒడ్డున కూర్చుని పదిహేను పర్వాలు రాశారంటే ఆయన తీరిక ఆయనది, మనకు ఆదివారం పేపర్లో దొరికేది ఒకటిన్నర పేజీ.

మూడో పని: పంచాంగం, పేర్లు సరిచూసుకోండి

దీన్ని తేలిగ్గా తీసుకుంటారు, పరువు ఇక్కడే పోతుంది. జూన్‌లో నెల్లూరులో జోరువాన కురిపించిన కథలు నేను చదివాను. మనకు వాన ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య, ఈశాన్య రుతుపవనాలతో, వాయుగుండాలతో వస్తుంది. జూన్‌లో ఇంకా వడగాలి. గోదావరి జిల్లాల కథలు చదివి చదివి ఆ రుతువులే మన చేతిలోకి వచ్చేస్తాయి, అదీ కారణం.

రొట్టెల పండగ మొహర్రంతో వస్తుంది కాబట్టి ఏటా పదకొండు రోజుల దాకా ముందుకు జరుగుతుంది. మీ కథ 1995లో జరిగితే ఆ ఏడు మొహర్రం ఏ నెలలో వచ్చిందో చూసుకున్నాకే స్వర్ణాల చెరువులోకి మనుషుల్ని దించండి. మాలకొండ గుడి శనివారం మాత్రమే తెరుస్తారు. మీ నాయికను గురువారం దర్శనానికి పంపితే కందుకూరు వైపు పాఠకుడు అక్కడే పుస్తకం మూస్తాడు. (గురువారం పోయి, మూసిన తలుపు చూసి, మెట్ల మీద కూర్చుందంటే అది వేరే కథ. బాగుంటుంది కూడా.)

పేర్లు కూడా అంతే. పెంచలయ్య అంటే పెంచలకోన నరసింహస్వామి, మాలకొండయ్య అంటే మాల్యాద్రి స్వామి. మస్తానయ్య, మస్తానమ్మ అనే పేర్లు దర్గా మొక్కుల వల్ల హిందువుల ఇళ్లలోనూ ఉంటాయి. ఒక పేరు పెడితే ఒక ఊరు, ఒక మొక్కు వెంట వస్తాయి. అలాంటప్పుడు మీ పాత్రలకు అభిరామ్, ఆద్య అని పెట్టి ఉదయగిరిలో తిప్పడం ఎందుకు? ఈ మధ్య పుట్టిన పిల్లలకైతే పెట్టుకోండి. వాళ్ల తాతకు వద్దు.

నాలుగో పని: పినాకినిలో కూర్చోండి

యాస పుస్తకాల్లో దొరకదు. గూడూరులో పినాకిని ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీ ఎక్కి ఒంగోలు దాకా పోండి. ఫోన్ జేబులో పెట్టుకోండి. నెల్లూరులో ఎక్కినాయన "వస్తుండా, వస్తుండా" అంటాడు. ఒంగోలు దగ్గరికొచ్చేసరికి "వస్తన్నా" వినపడుతుంది. నెల్లూరులో "అంగడికి" పోయినామె ఇంకొంచెం పైకి పోయేసరికి "కొట్టు"కు పోతుంది. రెండు మూడు ప్రయాణాలకే మీ చెవి మారిపోతుంది.

విన్నదంతా రాయొద్దు. మాట మాటకీ యాస దించితే తిరుపతి దాటినవాడు చదవలేడు, విజయనగరం వాడు అసలు చదవడు. నేను పెట్టుకున్న పద్ధతి చెప్తా, మీకు నచ్చితే తీసుకోండి. క్రియల చివర, పిలుపుల్లో, పనిముట్ల పేర్లలో యాస ఉంచుతా. మిగతాది మామూలు తెలుగులో వదిలేస్తా. పై సంభాషణలో "ఎవురు", "యాడుండాడు", "కాడ" తప్ప మిగిలినవన్నీ ఎవరికైనా అర్థమయ్యే మాటలే.

మొత్తం కథను యాసలో చెప్పాలనుకుంటే అదీ చెప్పొచ్చు. కావలి మనిషి ఖదీర్‌బాబు రాసిన దర్గామిట్ట కతలు నెల్లూరు మాటలోనే నడిచాయి, రాష్ట్రమంతా చదివారు. కాకపోతే అందులో చెప్పేవాడు ఒక పిల్లవాడు, వాడికి వేరే భాష రాదు. మీ కథ చెప్పేది తహసీల్దారు ఆఫీసులో క్లర్కు అయితే అతను ఇంట్లో ఒకలా, ఆఫీసులో ఇంకోలా మాట్లాడతాడు. ఎక్కడ మాట మారిందో అక్కడ మనిషి మారినట్టు. అది రాయండి.

పిలుపుల దగ్గర ఇంకో జాగ్రత్త. మామ, బావ, అబ్బయా, అమ్మే, నాయనా ఊరికే అలంకారాలు కావు. ఎవరు ఎవరిని ఏమని పిలిచారో చెబితే ఆస్తి ఎటు పోతుందో సగం తెలుస్తుంది.

ఐదో పని: పని తెలిసినవాళ్లకు చదివి వినిపించండి

సాహిత్యం తెలిసినవాళ్లకు తర్వాత. ముందు ఆ పని చేసేవాళ్లకు. మా అక్కను కొండపి వైపు ఇచ్చారు. పొగాకు మీద నేను మొదటి కథ రాసి, ఎంతో గొప్పగా మా బావకు చదివి వినిపించా. అప్పు, కన్నీళ్లు, వేలం, అన్నీ ఉన్నాయి. ఆయన చివరిదాకా విని, చుట్ట ఆర్పి, "ఏం బామ్మర్దీ, పచ్చాకు నేరుగా బేలు కట్టి తోలేశావే! బ్యారన్ ఎవురు కాలుస్తారు?" అన్నాడు. ఆకు కొట్టడం దగ్గర్నుంచి బేలు దాకా బ్యారన్ అనే గదిలో మంట వేసి ఎండబెట్టడం, గ్రేడ్లు విడదీయడం ఎంత పనుందో ఆ రాత్రంతా చెప్పాడు. రాత్రిళ్లు నిద్ర లేకుండా బ్యారన్ మంట కాసే సంగతి అప్పుడు విన్నా. అసలు కథ ఆ మంట దగ్గరే దొరికింది. వేలం కథ చించేశా.

చదివేటప్పుడు గట్టిగా, మామూలు వేగంతో చదవండి. నాలుక తడబడిన చోట పెన్సిల్‌తో గీత గీయండి. వింటున్నవాళ్లు ఫోన్ చూసిన చోట కూడా గీయండి. వాళ్లు ఇచ్చే సలహాలు అన్నీ తీసుకోనక్కర్లేదు, గీతలు మాత్రం తప్పు చెప్పవు.

ఆఖరి పేరా తీసేసి మళ్లీ చదివి చూడండి. మనకు చిన్నప్పటి నీతి కథల అలవాటు, చివర్లో "మానవత్వం ఇంకా బతికే ఉంది" అని శీనయ్య చేత అనిపించేస్తాం. మాలకొండయ్య కథలో నేను చివరికి ఉంచుకున్నది ఇది: కాటా అయిపోయాక కొడుకు కూలి లెక్క చూసుకుని, అందులోంచి ఒక నోటు తీసి పట్ట కింద పెట్టి వెళ్లిపోతాడు. తండ్రి చూశాడో లేదో రాయలేదు.

ఆరో పని: టైపు, పంపడం

యూనికోడ్‌లో టైపు చేయండి. ఫోన్‌లోనైనా పర్వాలేదు. నోటితో చెప్పి టైపు చేయించుకుంటే తొందరగా అవుతుంది గాని యాస ఉన్న చోట జాగ్రత్త. నేను "వస్తుండా" అంటే నా ఫోన్ "వస్తుందా" అని రాసింది. వస్తున్నానని చెప్పినవాడు, ఆమె వస్తుందా అని అడిగినట్టయింది. కథే మారిపోయింది.

ఎవరికి పంపాలి? పంపబోయే పత్రికవి కనీసం ఐదారు కథలు చదవకుండా పంపొద్దు. కరోనా తర్వాత చాలా వార, మాసపత్రికలు అచ్చు ఆపేశాయి. అచ్చులో ముఖ్యంగా మిగిలింది దినపత్రికల ఆదివారం అనుబంధాలు, ఇంకొన్ని పత్రికలు. అనుబంధాల్లో నిడివి గట్టిగా చూస్తారు. పదాల పరిమితి దాటితే ఎంత మంచి కథైనా చదవరు, వాళ్ల తప్పు కూడా కాదు. పొడుగు కథలకు వెబ్ పత్రికలు నయం. ఈమాట 1998 నుంచి నడుస్తోంది, సారంగ ఉంది. వెబ్‌లో డబ్బు చాలావరకు రాదు. ఒక్కోచోట కథను ఎక్కడ బాగుచేయాలో మాత్రం రాసి పంపుతారు. కొత్తలో పారితోషికం కంటే అదే ఎక్కువ.

కథతో పాటు హామీపత్రం పెట్టాలి: ఇది నా సొంతం, అనువాదం కాదు, అనుసరణ కాదు, ఇంకెక్కడా పరిశీలనలో లేదు. ఆ చివరి మాట నిజమై ఉండాలి. ఒకే కథను రెండు చోట్లకు పంపి రెండు చోట్లా అచ్చయితే తర్వాత పదేళ్లు ఎడిటర్లు మీ పేరు గుర్తుపెట్టుకుంటారు, మీరు కోరుకున్న రకంగా కాదు. నోటుపుస్తకంలో గళ్లు గీసుకుని కథ పేరు, పంపిన చోటు, తేదీ, జవాబు రాసుకోండి. మూడు నెలలు చూసి జవాబు లేకపోతే, వెనక్కి తీసుకుంటున్నానని మర్యాదగా ఒక మెయిల్ పెట్టి ఇంకోచోటికి పంపండి. వాళ్లకు ఫోన్ చేసి "సార్, నా కథ చూశారా" అని అడగొద్దు. చూసి ఉంటే మీకు తెలిసేది.

పాత కథలు ఎలా రాశారో చూడాలంటే శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో పెట్టిన కథల లైబ్రరీ, కథానిలయం ఉంది. అంత దూరం పోనక్కర్లేదు, వాళ్ల వెబ్‌సైటులో వేల కథలున్నాయి.

ఏడో పని: సంతకం పెట్టే ముందు

కథ రాసిన క్షణం నుంచే కాపీరైటు మీది. 1957 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మీ తర్వాత 60 ఏళ్ల వరకు మీ వారసులది. హక్కు ఇంకొకరికి బదిలీ చేయాలంటే కాగితం మీద మీ సంతకం ఉండాలి. ఆ కాగితంలో ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లని, ఎక్కడిదాకానో రాయకపోతే భారతదేశం వరకేనని చట్టం అనుకుంటుంది. అందుకే కొందరు ముందుగానే "శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా, సర్వహక్కులు" అని రాసుకొస్తారు. పోటీల నిబంధనల్లో, యాప్‌ల షరతుల్లో చిన్న అక్షరాలతో ఉండేది అదే. పత్రికలో ఒకసారి వేసుకునే హక్కు వేరు, పుస్తకం హక్కు వేరు, ఆడియో వేరు, సినిమా వేరు. విడివిడిగా ఇవ్వండి.

మన ఊరి కుర్రాళ్లు వచ్చి "అన్నా, నీ కథ షార్ట్‌ఫిల్మ్ తీసుకుంటాం" అంటారు. సంతోషం. డబ్బు అడక్కపోయినా కాగితం అడగండి. ఒక్క షార్ట్‌ఫిల్మ్‌కే, ఇన్నేళ్లకే, టైటిల్స్‌లో నా పేరు పడాలి అని మూడు ముక్కలు రాసి ఇద్దరూ సంతకం పెడితే తర్వాత అన్నదమ్ముల్లాగే ఉండొచ్చు.

పుస్తకం వేస్తామంటే

పది, పన్నెండు కథలు అచ్చయ్యాక పుస్తకం వేయాలని చెయ్యి లాగుతుంది. ముందు లెక్క వేయండి. 160 పేజీల పుస్తకం అంటే పదహారు పేజీల ఫారాలు పది. ఉదాహరణకు 500 కాపీలు, కాపీకి 70 రూపాయలు పడిందనుకోండి. మొత్తం 35,000. ధర 150 పెట్టారు. పుస్తకాల షాపు నలభై శాతం ఉంచుకుంటే మీ చేతికి 90 వస్తుంది. 300 అమ్మితే 27,000, అంటే ఇంకా 8,000 నష్టం. 389వ కాపీ అమ్మిన రోజున మీరు గట్టున పడతారు. బస్సు పార్సిళ్లు, ఊరికే పంచిన కాపీలు ఇందులో లెక్కపెట్టలేదు. అందుకే మొదటిసారి 200 కాపీలు డిజిటల్ ప్రింట్‌లో వేయించుకోండి. కాపీకి ఎక్కువే పడుతుంది, మొత్తం మీద పోయేది తక్కువ.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకం గుర్తింపు నంబరుకు ఎవరికీ డబ్బు కట్టొద్దు. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ వెబ్‌సైటులో ఉచితంగా ఇస్తారు, రచయిత సొంతంగా వేసుకున్నా ఇస్తారు. పుస్తకం వచ్చాక 1954 చట్టం ప్రకారం 30 రోజుల్లోపు కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, ఇంకో మూడు గ్రంథాలయాలకు ఒక్కో కాపీ పంపాలి.

ప్రూఫు విషయం మాత్రం గట్టిగా చెప్తున్నా. ప్రెస్సుల్లో ఇంకా చాలామంది యూనికోడ్ కాని "అను" ఫాంట్లతో పేజీలు కడతారు. మీరిచ్చిన యూనికోడ్‌ను దానిలోకి మార్చేటప్పుడు వత్తులు చెదురుతాయి. మార్చాక వచ్చిన పేజీల్నే కాగితం మీద ప్రింటు తీయించుకుని చదవాలి, ముందువి కాదు. నేను ముందువి చూసి సరే అన్నా. ఒక ప్రెస్సులో నా పుస్తకం అచ్చయ్యేసరికి కొన్ని చోట్ల రవత్తు ఎగిరిపోయి "ప్రాణం" కాస్తా "పాణం" అయింది. యాస కథలు కాబట్టి ఎవరూ తప్పనుకోలేదు. ఆ మాట ఎంత సహజంగా పడిందో అని మెచ్చుకుంటూ ఒక పెద్దాయన ఉత్తరం రాశారు. ఆయనకు ఇప్పటికీ నిజం చెప్పలేదు.

అమ్మకం కోసం జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం ఉంది, డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్ ఉంది. సొంత స్టాలు పెట్టొద్దు, తెలిసిన పబ్లిషర్ స్టాల్లో ఒక మూల అడగండి. ఎన్ని ఇచ్చారో, ఎన్ని తిరిగొచ్చాయో అదే నోటుపుస్తకంలో రాసుకోండి, ఇచ్చినరోజే వాళ్లచేత సంతకం పెట్టించుకోండి.

మిగిలిన కాపీలు మంచం కింద పెట్టేటప్పుడు నేల మీద పెట్టొద్దు. ఇటుకలు పేర్చి, పైన చెక్క వేసి, ఆ మీద పెట్టండి. నావి 140 కాపీలకు చెద పట్టింది.